గెడ్డలో పురుగు, గేలానికి ఈక: ఫ్లై ఫిషింగ్‌ కోసం నీటి పురుగులను గుర్తుపట్టడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల ఫ్లై రాడ్ పట్టుకున్నవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే. అయినా కొత్తగా చేరిన ప్రతివాళ్లూ మొదట అడిగేది ఒకటే: ఏ ఫ్లై కొనాలి? నేను చెప్పేదీ ఒకటే: ముందు గెడ్డలోకి, అంటే కొండవాగులోకి, దిగి ఒక రాయి తిరగెయ్యండి. ఆ రాయి కింద ఏముందో చూశాకే మిగతా మాటలు. నాగావళి, వంశధార, మహేంద్రతనయ నదుల్లోనూ, కొండల మీంచి వాటిలోకి దిగే గెడ్డల్లోనూ నేను చూసినదాన్ని బట్టి ఈ జవాబులు రాస్తున్నాను.

అసలు ఫ్లై అంటే ఏమిటి? వానపాము కన్నా దీంతో ఎక్కువ చేపలు పడతాయా?

పడవు. కూరకి చేప కావాలంటే వానపామే మేలు. ఫ్లై అంటే చిన్న గేలానికి ఈక, వెంట్రుక, దారం చుట్టి పురుగులా కనిపించేలా చేసినది. దానికి బరువుండదు కాబట్టి విసిరితే పోదు. అందుకే లావుపాటి తాడులాంటి ఫ్లై లైన్‌ను విసురుతాం, దాని కొసన ఫ్లై వెళ్లి నీటిమీద వాలుతుంది. మామూలు గేలంలో చేప వాసనకీ రుచికీ వస్తుంది. ఇక్కడ కంటిని మోసం చేయాలి. చేప ఆ పూట ఏం తింటోందో తెలియకపోతే మోసం కుదరదు, అందుకే ఈ పురుగుల గోల.

మన నదుల్లో ట్రౌట్ లేదు కదా, ఇంత చదువెందుకు?

నిజమే, ట్రౌట్‌కు చల్లటి నీళ్లు కావాలి. మన దేశంలో అది కాశ్మీర్, హిమాచల్, నీలగిరులు, మున్నార్ వంటి చోట్ల మాత్రమే ఉంది, అక్కడికీ బయటినుంచి తెచ్చి వదిలిందే. మనకున్నది బారిలియస్. జానెడు లోపే ఉండే వెండి చేప, పక్కన నీలపు నిలువు చారలు. పారే నీటికి ఎదురుగా నిలబడి, కొట్టుకొచ్చే పురుగును పైకి లేచి అందుకుంటుంది. బుద్ధిలో అచ్చం ట్రౌటే, కొలతలోనే తేడా. పరిగెలూ గండిపరిగెలూ మునిగే ఫ్లైకి వస్తాయి. మడుగుల్లో కొర్రమీను ఉందనుకుంటే సన్న ఫ్లైలు పక్కన పెట్టి కప్పలాంటిదో తూనీగలాంటిదో వేయాలి. రాళ్లకు అతుక్కుని పాచి గీక్కుతినే గర్రా చేపల మీద మాత్రం పొద్దు పాడుచేసుకోకండి.

పురుగులు ఎక్కడ వెతకాలి? ఏం పట్టుకెళ్లాలి?

నీళ్లు గులకరాళ్ల మీద గలగలమని, మోకాలి లోతులో పారే చోటికి వెళ్లండి. గుణుపురం దగ్గర వంశధార ఇసుక మేటల్లో గంటసేపు తవ్వినా దొరికేది తక్కువ. కదిలే ఇసుకలో పురుగుకు పట్టు దొరకదు. అదే పైన కొండల్లోంచి వచ్చే గెడ్డలో అరచేయంత రాయి తీస్తే పది ప్రాణులుంటాయి.

సామాను ఇంట్లోదే. తెల్లటి ప్లాస్టిక్ పళ్లెం, టీ వడగట్టు, చిన్న పెయింటింగ్ కుంచె, కంసాలి వాడే లాంటి పది రెట్ల భూతద్దం. స్టీలు పళ్లెం వద్దు, ఆ తళతళలో ఏదీ కనిపించదు. చిరిగిన దోమతెర ముక్కను రెండు కర్రలకు కట్టి నీటికి అడ్డంగా పట్టుకుని, దానికి ఎగువన మడమతో రాళ్లు కదపండి. ఊడినవన్నీ కొట్టుకొచ్చి తెరలో పడతాయి. పళ్లెంలో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి తెరను అందులో దులపండి. చూడటం అయ్యాక రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే బోర్లించండి. ఎండకు తిరగేసి వదిలేస్తే దాన్ని పట్టుకున్న గుడ్లన్నీ చస్తాయి.

ఒకసారి ఇలా నీళ్లలో వంగి ఉంటే ఒడ్డున వల ఆరేసుకుంటున్న ముసలాయన చాలాసేపు చూసి అడిగాడు: "ఏటి బావూ, రాళ్లు తిరగేస్తన్నావు, పీతలకేటి?" పురుగులకి తాతా అన్నాను. "అంత సన్న పురుగుని గేలానికెలా గుచ్చుతావు?" అన్నాడు. గుచ్చను, దాని బొమ్మ చేస్తాను అంటే నవ్వాపుకోలేకపోయాడు.

పళ్లెంలో ఏవేవో కదులుతున్నాయి. దేన్ని ఏమనుకోవాలి?

తొందరపడకండి. మేఫ్లై, స్టోన్‌ఫ్లై, కాడిస్ అని నేననేవి నిజం పురుగులు, గేలపు ఫ్లైలు కావు. పిల్లగా నీళ్లలో పెరిగి, రెక్కలొచ్చాక పైకి లేచి ఎగురుతాయి. నీళ్లు తేటబడేదాకా ఆగి, ముందు తోకలు లెక్కపెట్టండి.

మూడు తోకలు, పొట్టకు రెండు పక్కలా చిన్న చిన్న ఆకుల్లా మొప్పలు, అవి ఆగకుండా రెపరెపలాడుతుంటే అది మేఫ్లై పిల్ల. కొన్నిటికి రెండే తోకలుంటాయి, కొత్తవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే. అనుమానం వస్తే భూతద్దంతో కాలి కొస చూడండి. ఒక్క గోరుంటే మేఫ్లై. రెండు తోకలూ, ప్రతి కాలికీ రెండేసి గోళ్లూ, పొట్ట పక్కన మొప్పలు లేకుండా కాళ్ల మొదట్లో తెల్లటి కుచ్చులూ ఉంటే స్టోన్‌ఫ్లై. ఇది పళ్లెంలో ఈదదు, పాకుతుంది. గాలి చాలకపోతే దండాలు తీసినట్టు ఒళ్లు పైకీ కిందకీ ఊపుతుంది.

తోకల్లేకుండా, మెత్తగా గొంగళిపురుగులా ఉండి, వెనక రెండు కొక్కేలుంటే అది కాడిస్ పిల్ల. కాడిస్‌లో గూడు కట్టేవి ఉన్నాయి. నోటినుంచి తీసే పట్టుదారంతో ఇసుక రేణువులో ఆకు ముక్కలో అతికించి గొట్టం చేసుకుని అందులోంచి తల బయటపెట్టి నడుస్తాయి. పళ్లెంలో ఒక పుల్ల నడిచిందంటే అదే. మన గెడ్డల్లో ఎక్కువ కనిపించేవి మాత్రం గూడు లేనివి, వల కట్టేవి. రాతి సందులో, పారే నీటికి ఎదురుగా సాలెగూడంత చిన్న వల పన్ని, కొట్టుకొచ్చినదాన్ని తింటాయి. రాయి నీళ్లలోంచి తీయగానే ఆ వల ముద్దైపోయి మట్టి పూసినట్టుంటుంది. ఆ మట్టిని కుంచెతో కదిపి చూడండి, పచ్చగానో గోధుమరంగులోనో పురుగు మెలికలు తిరుగుతూ బయటికొస్తుంది. వల వేసి బతికేది మనమొక్కళ్లమే కాదని అప్పుడనిపిస్తుంది.

మేఫ్లై పిల్లలన్నీ ఒకేలా ఉండవేం?

బతికే చోటును బట్టి ఒళ్లు. రాతికి అతుక్కునేది రొట్టెలా చదునుగా ఉంటుంది, కళ్లు నడినెత్తిన. ఇది పట్టు వదలదు కాబట్టి చేప నోట్లో పడేది తక్కువ. బేటిస్ జాతిది సన్నగా చిన్న చేపపిల్లలా ఉండి చటుక్కున ఈదుతుంది. ఎప్పుడూ కొట్టుకుపోతూ ఉంటుంది, ఫ్లై కట్టేవాడికి ఇదే ముఖ్యం. ఒండ్రులో కేనిస్ అనే నలుసు ఉంటుంది, ఒంటికి బురద పులుముకుని కదలకుండా కూర్చుంటుంది. ఒడ్డు బంకమట్టిలో బొరియ చేసుకునేవి ఇంకో రకం, ముందు రెండు కోరలుంటాయి.

భూతద్దంతో ఇంకొకటి చూడాలి. పిల్ల వీపుమీద రెక్కల మొగ్గలుంటాయి. అవి లేత రంగులో ఉంటే ఇంకా టైముంది. నల్లగా మారాయంటే ఆ పురుగు ఇవాళో రేపో పైకి లేస్తుంది. పళ్లెంలో సగానికి సగం నల్ల మొగ్గలవి కనిపిస్తే సాయంత్రం ఇంటికి పోకండి.

ఆ లేవడం నేను ఒక్కసారే దగ్గరగా చూశాను. డిసెంబరులో, రాయగడకు పైన ఒక గెడ్డ ఒడ్డున, పళ్లెం మోకాలిమీద పెట్టుకుని కూర్చున్నాను. ఒక పిల్ల నీటిపైకి తేలి కదలకుండా ఉండిపోయింది. చచ్చిందనుకున్నాను. వీపు నడిమధ్య సన్నగా చీలింది, ఆ చీలికలోంచి ముందు మెడ, ఆ తర్వాత ముడతలు పడిన రెక్కలు వచ్చాయి, తడి కాగితం విప్పినట్టు. నేను రెండుసార్లు ఊపిరి తీసుకునేలోపు ఖాళీ తోలు నీటిమీద మిగిలింది, పురుగు దానిపక్కన తెరచాప ఎత్తి నిలబడింది. చేపకు ఇంతకన్నా సులువైన తిండి లేదు. రెక్కలు ఆరేదాకా అది ఎగరలేదు మరి.

ఎగిరేవాటిని దూరంనుంచే పోల్చుకోవడం ఎలా?

వాలినప్పుడు రెక్కలు చూడండి. తెరచాపలా నిటారుగా నిలిపితే మేఫ్లై. గుడిసె కప్పులా ఏటవాలుగా పొట్టమీద మూస్తే కాడిస్, దాని మీసాలు ఒంటికన్నా పొడుగు. వీపుమీద చాపలా పరిస్తే స్టోన్‌ఫ్లై. స్టోన్‌ఫ్లై నీటి మధ్యలో లేవదు, రాతి మీదికి పాకొచ్చి చర్మం విడుస్తుంది. పొద్దున్నే గెడ్డ రాళ్లమీద ఎండిన కుబుసాలు కనిపిస్తే రాత్రి ఏం జరిగిందో చదువుకోవచ్చు.

మేఫ్లైలో ఇంకో తమాషా ఉంది. రెక్కలొచ్చాక కూడా ఇంకోసారి చర్మం విడుస్తుంది, కీటకాల్లో ఇలా చేసేది ఇదొక్కటే. మొదటిసారి మసక రెక్కలు, దాన్ని డన్ అంటారు. రెండోసారి గాజులా తేట రెక్కలు, అది స్పిన్నర్. తినడానికి పనికొచ్చే నోరు రెంటికీ లేదు. గుడ్లు పెట్టి, రెక్కలు చాచి నీటిమీద పడి చస్తాయి.

వీటికి తెలుగు పేర్లు లేవా?

తూనీగ ఉంది, దోమ ఉంది, నుసుమ ఉంది. మేఫ్లైకీ కాడిస్‌కీ మనవాళ్లు విడిగా పేరు పెట్టలేదు, లైటు చుట్టూ మూగేవన్నీ కలిపి దీపపు పురుగులు. మేఫ్లై పేరు చూసి మే నెలలో వెతక్కండి. అది చలిదేశాల వసంతాన్ని బట్టి పెట్టిన పేరు.

తూనీగ పిల్లకు ఏ ఫ్లై?

తూనీగ పిల్ల నీళ్లలో పెద్ద దొర. ముఖానికి ముసుగులా మడిచి ఉంచిన దవడను చటుక్కున ముందుకు చాచి ఎరను పట్టేస్తుంది, వెనకనుంచి నీళ్లు చిమ్మి ముందుకు దూకుతుంది. అందుకే ఊలీ బగ్గర్‌లాంటి కుచ్చుతోక ఫ్లైని జానెడు లాగి ఆపి, మళ్లీ లాగి ఆపాలి. సన్నగా, చివర మూడు ఆకుల్లాంటి మొప్పలుంటే అది సూదితూనీగ పిల్ల, ఒళ్లు పాములా ఊపుతూ ఈదుతుంది. దానికి పాచిరంగు సన్న ఫ్లై. రెండూ నిలవ నీళ్లలో, కలుపు అంచున వేయాల్సినవి.

ఆ ఎర్ర దారంలాంటి పురుగు?

కైరోనమిడ్, అంటే మిడ్జ్ అనే దోమలాంటి చిన్న పురుగు పిల్ల. మన రక్తంలో ఉండేలాంటి హీమోగ్లోబిన్ దానికీ ఉంది, అందుకే గాలి తక్కువైన బురదలోనూ బతుకుతుంది. 18 నంబరు గేలానికి ఎర్రదారం చుట్టి పైన రాగితీగ నాలుగు చుట్లు వేస్తే సరిపోయింది.

పురుగు తెలిసింది సరే, ఫ్లై ఎలా ఎంచుకోవాలి?

ముందు కొలత, తర్వాత ఆకారం, ఆ తర్వాత కదలిక. రంగు చిట్టచివర. కొత్తవాళ్లు దీన్ని తిరగేసి రంగుతో మొదలుపెడతారు, షాపులో రంగులే కదా కనిపించేవి. గేలం నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. 12 నంబరు ఒళ్లు సుమారు సెంటీమీటరు, 18 దాదాపు అర సెంటీమీటరు, కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ. పురుగును తోక వదిలేసి ఒళ్లు మాత్రం స్కేలు పక్కన పెట్టి కొలవండి. మన గెడ్డల బేటిస్‌కు నేను 16, 18 తప్ప వాడను.

ఈదే మేఫ్లై పిల్లకు ఫెజెంట్ టెయిల్ నింఫ్ (నింఫ్ అంటే నీళ్లలోని పిల్ల). దక్షిణ ఇంగ్లండులో ఏవన్ నదికి కాపలాదారుగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ కట్టినది ఇది. ఆయన దారమే వాడలేదు, ఫెజెంట్ పక్షి తోక ఈకా సన్న రాగితీగా, అంతే. కాళ్లూ పెట్టలేదు. ఈదేటప్పుడు ఆ పురుగు కాళ్లు ఒంటికి దగ్గరగా ముడుచుకుంటుందని ఆయన గమనించాడు. చూపంటే అదీ. వల కట్టే కాడిస్ పిల్లకు పచ్చటి ఒళ్లూ నల్లతలా ఉన్న ఏదైనా పనికొస్తుంది, హేర్స్ ఇయర్ అనే ఫ్లై కూడా. ఎగిరే కాడిస్‌కు ఎల్క్ హెయిర్ కాడిస్, 1957లో అమెరికాలో ఆల్ ట్రోత్ కట్టింది. తేలే మేఫ్లైకి ఆడమ్స్. 1922లో మిషిగన్‌లో లెనార్డ్ హాలడే కట్టిన ఈ బూడిదరంగు ఫ్లై ఏ ఒక్క పురుగుకీ నకలు కాదు, అన్నిటిలానూ కొంచెం కొంచెం ఉంటుంది. ఏం తేలుతోందో అర్థం కాని సాయంత్రాలు నన్ను కాపాడింది అదే.

ఈకలూ వెంట్రుకలూ ఇక్కడ దొరుకుతాయా?

మనకున్నంత సంపద ఇంకెక్కడుంది? ఫ్లైకి మెడ ఈకలు కావాలి, అవి పుంజువైతే గట్టిగా ఉండి నీటిమీద నిలబెడతాయి. గోధుమ ఎరుపు కావాలంటే డేగ పుంజు, నలుపుకు కాకి, తెలుపుకు సేతువ. ఎరుపూ బూడిదా కలిసిన మైల మెడ ఒకటి దొరికిందా, ఏడాది గడిచిపోతుంది. సంక్రాంతి వెళ్లిన మర్నాడు చుట్టాలిళ్లకు కబురుపెట్టి ఈకలు పారేయొద్దని చెబుతాను. ఇప్పుడు వాళ్లే సంచీలో వేసి ఉంచుతున్నారు, నా మతి మీద మాత్రం వాళ్ల అభిప్రాయం మారలేదు.

రాగితీగ మోటారు వైండింగ్ షాపులో అడిగితే ముక్కలు ఇస్తారు. నెమలి రాల్చిన ఈక పోగులు పురుగు ఒంటికి బ్రహ్మాండంగా ఉంటాయి. రాలిన ఈకే సుమా, నెమలిని చంపడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. జింక వెంట్రుక జోలికీ పోవద్దు. అది లోపల గుల్లగా ఉండి తేలుతుందని విదేశాల్లో వాడతారు. మనం హవాయి చెప్పు రబ్బరు సన్నగా కోసి ఒంటికి కట్టి, పైన మేక తోక వెంట్రుక వేస్తే కాడిస్ నిక్షేపంలా తేలుతుంది.

ఏ కాలం మంచిది?

జూలై నుంచి అక్టోబరు దాకా నదులు ఎర్రగా పొంగి ఉంటాయి, ఫ్లై కనపడదు, దిగడమూ ప్రమాదమే. నవంబరులో నీరు తేటబడ్డాక ఫిబ్రవరి వరకూ పండగే. ఎండాకాలం తెల్లారకముందు, సాయంత్రం. చలిదేశాల్లోలా ఈ పురుగు ఈ వారమే లేస్తుందన్న పంచాంగం ఇక్కడ కుదరదు. నీరు వెచ్చగా ఉంటుంది కాబట్టి చాలా జాతులు ఏడాదిలో ఒకటికి మించి తరాలు దాటేస్తాయి.

పంచాంగంలా వచ్చేది ఒక్కటే, అది నీటి పురుగే కాదు. తొలకరి పడ్డ సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి. గాలికి అవి గెడ్డలో పడితే మడుగంతా మరుగుతున్నట్టు చేపలు లేస్తాయి. 12 నంబరు గేలానికి గోధుమరంగు ఒళ్లు, రెండు పొడుగాటి తెల్ల ఈకలు వీపుమీద పడుకోబెట్టి కట్టుకుని మే నెలాఖరుకే డబ్బాలో ఉంచండి.

చేపలు ఎదురుగా లేస్తున్నాయి, నా ఫ్లై ముట్టడం లేదు. ఎందుకు?

లేచే తీరు చూడండి. నీళ్లు చిమ్ముతూ కొడితే కాడిస్ కావచ్చు, అది తేలగానే ఎగిరిపోతుందని చేప తొందరపడుతుంది. ముద్దు పెట్టినట్టు చిన్న వలయం వస్తే డన్నో స్పిన్నరో. వీపు మాత్రమే కనిపించి నోరు కనిపించకపోతే అది పైన తినడం లేదు, నీటిపొర కిందే నింఫ్ తింటోంది. అప్పుడు తేలే ఫ్లై ఎంత అందంగా వేసినా దండగ.

నాకిది నాగావళి నేర్పింది. జనవరి సాయంత్రం, గంటన్నరసేపు బారిలియస్‌లు నా చుట్టూ లేస్తుంటే డబ్బాలో ఉన్నవన్నీ వేశాను. మిడత, చీమ, కాడిస్, ఒక్కటీ ముట్టలేదు. చివరికి విసుగెత్తి టీ వడగట్టు నీటిమీద పెట్టి నిలబడ్డాను. అందులో రెక్కలు చాచి చచ్చిన స్పిన్నర్లు పడ్డాయి, ఒళ్లు తుప్పురంగు, అయిదు మిల్లీమీటర్లు. నీళ్లలో నిలబడ్డ మనిషికి అవి కనపడవు, పారదర్శకంగా పొరకు అతుక్కుపోయి ఉంటాయి. నా దగ్గర 18 నంబరు డేగ ఈక ఫ్లై ఒక్కటుంది. కింది ఈకలు గోళ్లకత్తెరతో కత్తిరించి నీటికి అంటుకుపోయేలా చేసి వేశాను. చీకటి పడేలోగా నాలుగు చేపలు. ఆ వడగట్టు మాత్రం ఇంట్లో ఇక టీకి పనికిరాదన్నారు.

పురుగులను ఇంటికి తెచ్చి చూడవచ్చా?

బతికున్నవి తేవద్దు. మొదట్లో నేను వాటర్ బాటిల్‌లో ఇరవై చదును మేఫ్లైలు పోసుకుని బస్సెక్కాను. దిగేసరికి అన్నీ వెల్లకిలా ఉన్నాయి. పారే నీటికి అలవాటుపడ్డ మొప్పలు నిలవ నీటిలో గాలి అందుకోలేవు, పైగా బాటిల్ ఎండలో వేడెక్కింది. ఒడ్డునే ఫోటో తీసి వదిలేయండి, పక్కన గేలం పెట్టి తీస్తే కొలతా తెలుస్తుంది. దాచుకోవాలంటే రెండు మూడు చాలు, 70 నుంచి 80 శాతం ఆల్కహాల్‌లో. రంగు వెలిసిపోతుంది, ముందే రాసిపెట్టుకోండి.

పురుగులను చూసి నీరు మంచిదో కాదో చెప్పవచ్చా?

చాలావరకు. స్టోన్‌ఫ్లై ఉందంటే గాలి బాగా కలిసిన శుభ్రమైన నీరు. ఒకే గెడ్డలో ఊరికి పైన మూడు రకాలూ దొరికి, మురికి కాలువ కలిసిన చోటు దాటాక ఎర్ర మిడ్జ్‌లు తప్ప ఏమీ లేకపోవడం నేనే చూశాను. వాటి మధ్య దూరం నడిస్తే పావుగంట. అలాంటి చోట చేపలకోసమూ వెతకనక్కరలేదు.

కుడతాయా? అనుమతి కావాలా?

మేఫ్లై, కాడిస్, స్టోన్‌ఫ్లై ఏమీ చేయవు. వెల్లకిలా ఈదే నీటినల్లిని వేళ్లతో పట్టకండి, సూదితో పొడిచినట్టుంటుంది. అసలు భయపడాల్సింది దోమకు. రాయగడ, కోరాపుట్ మలేరియాకు పేరుపడ్డ జిల్లాలు, పొడుగుచేతుల చొక్కా మరవొద్దు. అభయారణ్యాల్లో గేలం వేయకూడదు, బయట కూడా చేపల హక్కు ఎవరిదో ఊళ్లో అడిగి దిగండి. చేపల్ని చంపడానికి నీళ్లలో విషపు మందు కలిపినా, పేలుడు వాడినా 1897 నాటి మత్స్య చట్టం నుంచీ నేరమే. మందు కలిపిన మడుగులో చేపలతోబాటు పురుగులూ పోతాయి.

మొదటి రోజుకు ఒక్క ఫ్లైనే కట్టుకోమంటే?

ఫెజెంట్ టెయిల్, 16 నంబరు. ఫెజెంట్ ఈక దొరక్కపోతే డేగ పుంజు తోక దగ్గరి ముదురు ఈక. ఎగువకు విసిరి, నీటి వేగంతోనే కిందికి రానివ్వండి, లాగకండి. లైన్ కొస ఆగినట్టనిపిస్తే రాడ్ ఎత్తండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు అది రాయే అయి ఉంటుంది.